తీగ ఒక్కటి, దళాలు మూడు

శ్రీనగర్ వైమానిక స్థావరం నుంచి 2019 ఫిబ్రవరి 27వ తేదీ ఉదయం పది గంటల ప్రాంతంలో భారత వాయుసేనకు చెందిన ఎంఐ-17 వి-5 హెలికాప్టర్ ఒకటి పైకి లేచింది. బాలాకోట్‌పై భారత యుద్ధ విమానాలు దాడి జరిపిన మరునాడది. ఆ సమయంలో నియంత్రణ రేఖ వద్ద గగనతలంలో ఇరు దేశాల విమానాలు ఎదురెదురుగా మోహరించి ఉన్నాయి. పైకి లేచిన కొద్ది నిమిషాలకే హెలికాప్టర్ బడ్గాం వద్ద కూలిపోయింది. అందులోని ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేలమీద ఉన్న ఒక పౌరుడు మరణించారు. దానిని కూల్చింది శత్రు క్షిపణి కాదు. ఆ స్థావరం రక్షణ కోసం మన వాయుసేనే నిలిపి ఉంచిన స్పైడర్ క్షిపణి. అది తమ క్షిపణేనని, జరిగింది పెద్ద పొరపాటని నాటి వాయుసేనాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ ఆర్.కె.ఎస్. భదౌరియా అదే సంవత్సరం అక్టోబర్‌లో బహిరంగంగా అంగీకరించారు.

ఎగురుతున్నది మనదా, పరాయిదా అని రాడార్‌కు తెలియజెప్పే సాధనం ఆ హెలికాప్టర్‌లో ఆపివేసి ఉన్నట్టు, నేలమీది సిబ్బందికీ అందులోని వారికీ మధ్య సమాచార సంబంధాలు, సమన్వయం లోపించినట్టు విచారణలో తేలిందని వార్తలు వెలువడ్డాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. సైన్యానికీ వాయుసేనకూ పొసగక జరిగిన ప్రమాదం కాదిది. ఒకే దళంలో, ఒకే స్థావరంలో పనిచేసే వారి మధ్య కబురు అందక జరిగిన ప్రమాదం. దేశం నలుమూలలా ఉన్న వాయుసేన స్థావరాలను కలిపే సొంత ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా పనిచేస్తూనే ఉంది. 2010 సెప్టెంబర్ 14న నాటి రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ ప్రారంభించిన ఆ వ్యవస్థకు 1,077 కోట్ల రూపాయలు వెచ్చించారు.

యుద్ధరంగాన్ని సమాచార సాంకేతికత ఎంతగా మార్చివేసిందో చెప్పే కథనాలకు కొదవ లేదు. ఉపగ్రహాలు, డ్రోన్లు, కంప్యూటర్ తెరలు, కృత్రిమ మేధ అంటూ అవి సాగిపోతాయి. అవన్నీ నిజమే. డబ్బు పెడితే తీగ వస్తుంది, రాడార్ వస్తుంది, ఉపగ్రహం కూడా వస్తుంది. తనకు తెలిసిన సంగతిని పక్క దళానికి ఎప్పుడు, ఎంతమేరకు చెప్పాలన్న నిర్ణయం మాత్రం ఇప్పటికీ మనుషుల చేతిలోనే ఉంది. ఈ రెంటి మధ్య ఉన్న అంతరానికి మన దళాలు ఆరు దశాబ్దాలుగా మూల్యం చెల్లిస్తూ వచ్చాయి.

ఒక శిఖరం, మూడు లెక్కలు

మూడు దళాలు ఒకే లక్ష్యం కోసం కలిసి పోరాడడాన్ని సంయుక్త సైనిక చర్య అంటారు. వినడానికి తేలికగానే ఉంటుంది. ఒక కొండ శిఖరంపై శత్రువు మాటు వేశాడని ముందువరుసలోని పదాతి దళ అధికారి గమనించాడనుకుందాం. తన సైనిక పటంలోని గళ్ళ సంఖ్యల ఆధారంగా ఆ చోటును అతడు గుర్తిస్తాడు. పైనుంచి బాంబు వేయవలసిన పైలట్‌కు కావలసినవి అక్షాంశ రేఖాంశాలు. అదే లక్ష్యం తీరప్రాంతంలో ఉంటే, నౌకలోని వారు తమకు ఏ దిక్కున, ఎన్ని నాటికల్ మైళ్ళ దూరంలో అని అడుగుతారు. చోటు ఒక్కటే అయినా లెక్కలు మూడు. ఒక లెక్కను మరొక లెక్కలోకి మార్చేటప్పుడు ఒక్క అంకె తప్పినా బాంబు పడేది వేరే కొండ మీద, ఒక్కొక్కసారి మన వారి మీదే.

పాత పద్ధతిలో ఈ కబురు వైర్‌లెస్ ద్వారా బెటాలియన్‌కు, అక్కడి నుంచి బ్రిగేడ్‌కు, డివిజన్‌కు, కోర్‌కు పాకి, అక్కడ కూర్చున్న వాయుసేన ప్రతినిధి ద్వారా వాయుసేనకు చేరేది. ప్రతి మజిలీలోనూ ఒకరు విని, రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. కశ్మీర్‌ను చూసే సైన్యపు ఉత్తర కమాండ్ ఉధంపూర్‌లో ఉంటే, ఆ గగనతలాన్ని చూసే వాయుసేన పశ్చిమ కమాండ్ ఢిల్లీలో ఉంది. సైన్యానికి ఏడు, వాయుసేనకు ఏడు, నౌకాదళానికి మూడు చొప్పున దేశంలో ఏర్పడిన పదిహేడు కమాండ్‌లలో ఏ రెండింటి ప్రధాన కార్యాలయాలూ ఒకే ఊరిలో లేవు. తూర్పు తీరాన్ని కాచే నౌకాదళ కమాండ్ విశాఖపట్నంలో, తూర్పు సైనిక కమాండ్ కోల్‌కతాలో, తూర్పు వైమానిక కమాండ్ షిల్లాంగ్‌లో ఉన్నాయి.

నెట్‌వర్క్ వచ్చాక ఈ మజిలీల అవసరం చాలావరకు తొలగిపోతుంది. సైన్యపు రాడార్ చూసినదీ, గాలిలో ఉన్న అవాక్స్ విమానం చూసినదీ, సముద్రంపై నౌక చూసినదీ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి చేరతాయి. అది అన్నింటినీ సరిపోల్చి, మూడు రాడార్లకు కనిపించినది మూడు విమానాలు కావని, ఒకే విమానమని తేల్చి, అందరి తెరలపైనా ఒకే చిత్రాన్ని నిలుపుతుంది. గళ్ళ సంఖ్యలను అక్షాంశ రేఖాంశాలుగా మార్చే పని యంత్రం చూసుకుంటుంది. ఇక మిగిలేది ఆ చిత్రాన్ని చూసి ఎవరు, దేనితో కొట్టాలో నిర్ణయించడమే.

అగ్రరాజ్యానికి కూడా ఇది ఒక్కరోజులో సాధ్యమైనది కాదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఏ విమానం ఎప్పుడు ఏ లక్ష్యంపైకి వెళ్ళాలో తెలిపే దినసరి ఆదేశ పత్రాన్ని అమెరికా వాయుసేన రియాద్ నుంచి కంప్యూటర్ ద్వారా పంపేది. వందల పుటల ఆ పత్రాన్ని అందుకునే పరికరాలు అమెరికా విమాన వాహక నౌకల్లోనే లేవు. దానితో ప్రతిరోజూ ఆ పత్రాన్ని విమానంలో మోసుకెళ్ళి నౌకలకు అందజేయవలసి వచ్చింది. నెట్‌వర్క్ ఆధారిత యుద్ధం అన్న మాటను అమెరికా నౌకాదళానికి చెందిన ఆర్థర్ సెబ్రోవ్‌స్కీ, జాన్ గార్‌స్ట్కాతో కలిసి 1998లో రాసిన వ్యాసం ద్వారా ప్రచారంలోకి తెచ్చారు. అది వచ్చింది ఈ చేదు అనుభవం తరువాతే.

ఛంబ్ నుంచి జాఫ్నా వరకు

1965 సెప్టెంబర్ 1న ఛంబ్ ప్రాంతంలో పాకిస్థాన్ ట్యాంకులు చొచ్చుకువచ్చినప్పుడు సైన్యాధిపతి జనరల్ జె.ఎన్. చౌధురి మధ్యాహ్నం దాటాక రక్షణ మంత్రి వై.బి. చవాన్ వద్దకు వెళ్ళి విమానాల సహాయం కోరారు. వాయుసేనాధిపతి అర్జన్ సింగ్ అంగీకరించారు. సాయంత్రానికే పఠాన్‌కోట్ నుంచి విమానాలు లేచాయి. అంత వేగంగా స్పందించడం గొప్పే. అయితే ఏవి మన ట్యాంకులో, ఏవి పరాయివో పైలట్లకు చెప్పే ఏర్పాటు కింద లేదు. ఆ సాయంత్రం నాలుగు వాంపైర్ విమానాలను కోల్పోయాం. కొన్ని బాంబులు, గుళ్ళు మన సైన్యం మీదే పడ్డాయి. నౌకాదళం పరిస్థితి మరింత విచిత్రం. పోరుబందరు అక్షాంశాన్ని దాటి ఉత్తరంగా వెళ్ళవద్దన్న కట్టడి మధ్య అది ఆ యుద్ధంలో చాలావరకు ప్రేక్షక పాత్రకే పరిమితమైంది.

1971 నాటికి పరిస్థితి మారింది. మానెక్ షా, నందా, పి.సి. లాల్ ముగ్గురూ ఎప్పటికప్పుడు కలిసి కూర్చుని మాట్లాడుకునేవారు. సమాచారం అందితే ఎంత వేగంగా కదలవచ్చో ఆ యుద్ధం చివరి రోజుల్లో ఢాకాలో రుజువైంది. డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ అధ్యక్షతన మధ్యాహ్నం సమావేశం జరగబోతున్నదన్న పాకిస్థానీ సందేశాన్ని మన సంకేత నిఘా సిబ్బంది పట్టుకున్నారు. గువాహటిలో ఉన్న మిగ్-21 దళపతి వింగ్ కమాండర్ బి.కె. బిష్ణోయ్‌కు ఆ దాడి అప్పగించారు. ఢాకా నగరానికి సైనిక పటం లేక ఆయన చేతికి పర్యాటకుల పటం ఇచ్చారు. తొలుత చెప్పిన లక్ష్యం సర్క్యూట్ హౌస్. బయలుదేరబోతుండగా ఒక అధికారి పరుగున వచ్చి, లక్ష్యం మారిందని, అది గవర్నమెంట్ హౌస్ అని చీటీ అందించారని ఆయన తరువాత చెప్పారు. రాకెట్లు ఆ భవనం కప్పును చీల్చాయి. గవర్నర్ ఎ.ఎం. మాలిక్ అదే రోజు రాజీనామా రాసి ఇంటర్‌కాంటినెంటల్ హోటల్‌లో తలదాచుకున్నారు. రెండు రోజుల తరువాత ఢాకా పతనమైంది.

పరుగున వచ్చిన ఆ అధికారి రెండు నిమిషాలు ఆలస్యమై ఉంటే రాకెట్లు వేరే కప్పు మీద పడేవి. నేటి భాషలో డేటా లింక్ అంటున్నది ఆనాడు ఒక మనిషి, ఒక కాగితం ముక్క.

అదే యుద్ధంలో సరిహద్దుకు అవతల జరిగిన ఘటన ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. కరాచీపై భారత క్షిపణి నౌకల దాడితో కలవరపడి ఉన్న సమయంలో, సముద్రంలో కనిపించిన ఒక నౌకను భారత నౌకగా పొరబడి పాకిస్థాన్ వాయుసేన సేబర్ విమానాలు దానిపై కాల్పులు జరిపాయి. అది పాకిస్థాన్ సొంత యుద్ధనౌక జుల్ఫికర్. దానిలోని నావికులు తమ దేశపు గుళ్ళకే బలయ్యారు.

కబురు అందకపోవడం ఒక ప్రమాదం. అందరాని చెవికి అందడం మరొక ప్రమాదం. 1987 అక్టోబర్ 11-12 రాత్రి శ్రీలంకలోని జాఫ్నా విశ్వవిద్యాలయ ఆవరణలో ఎల్‌టిటిఇ నాయకత్వాన్ని పట్టుకునేందుకు భారత శాంతి పరిరక్షక దళం హెలికాప్టర్లలో కమాండోలను, సిక్ లైట్ పదాతి దళ జవాన్లను దించింది. ఎల్‌టిటిఇ మన వైర్‌లెస్ సంభాషణలను ముందే విన్నది. హెలికాప్టర్లు దిగే మైదానం చుట్టూ తుపాకులు ఎదురుచూస్తున్నాయి. అక్కడ దిగిన 30 మంది సిక్ జవాన్లలో 29 మంది ప్రాణాలు కోల్పోయారు. మిగిలిన ఒక్కరు బందీ అయ్యారు. తీవ్ర కాల్పుల కారణంగా తదుపరి జట్లను దించలేక హెలికాప్టర్లు వెనుదిరిగాయి. బందీగా పట్టుబడిన ఆ జవాను చెబితేనే మిగిలిన వారి కథ లోకానికి తెలిసింది.

కార్గిల్ చెప్పిన పాఠం

1999లో కార్గిల్ కొండలపై పాకిస్థాన్ సైనికులు తిష్ఠవేశారన్న సంగతి మే నెల మొదటివారంలో బయటపడింది. సైన్యం హెలికాప్టర్ గన్‌షిప్‌ల సహాయం కోరగా, ఆ ఎత్తులో అవి పనికిరావని, పైగా వాయుసేనను దించాలంటే రాజకీయ అనుమతి కావాలని వాయుసేన అన్నది. రెండు వాదనలలోనూ సబబు ఉంది. కానీ ఆ చర్చ ముగిసి వాయుసేన రంగంలోకి దిగేసరికి మే 26 వచ్చింది. మొదటి మూడు రోజుల్లోనే రెండు యుద్ధ విమానాలు, ఒక హెలికాప్టర్ పోయాయి. ఆ తరువాత పద్ధతి మార్చుకుని, జూన్ నెలలో టైగర్ హిల్‌పై లేజర్ సహాయంతో గురి తప్పని బాంబులు వేసిన సంగతి పాఠకులకు విదితమే.

యుద్ధానంతరం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో వెల్లడించిన ఒక అంశం ఈ సమస్యకంతటికీ కీలకమైనది. కార్గిల్‌కు ఎదురుగా పాకిస్థాన్ వైపు కదలికలు పెరిగాయని 1998 జూన్‌లోనే ఇంటెలిజెన్స్ బ్యూరో ఒక నివేదిక పంపింది. అది ప్రధానమంత్రికి, హోం మంత్రికి చేరింది. సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్‌కు కూడా చేరింది. కానీ ఇతర సంస్థల సమాచారంతో కలిపి విశ్లేషించవలసిన మూడు చోట్లకు, అంటే 'రా' అధిపతికి, సంయుక్త ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షునికి, సైనిక నిఘా డైరెక్టర్ జనరల్‌కు దానిని పంపలేదు. ఎవరి వద్ద ఉన్న ముక్క వారి వద్దే ఉండిపోయింది. అన్ని ముక్కలూ ఒక బల్లమీద పరిచి చూసిన వారు లేరు.

యుద్ధం సాగుతుండగా బీజింగ్‌లో ఉన్న జనరల్ ముషారఫ్‌కూ, రావల్పిండిలో ఉన్న లెఫ్టినెంట్ జనరల్ మహమ్మద్ అజీజ్‌కూ మధ్య నడిచిన టెలిఫోన్ సంభాషణలను విని నమోదు చేయగలిగిన దేశమే, ఏడాది ముందు ఇంట్లో ఉన్న కాగితాన్ని పక్క గదికి చేర్చలేకపోయింది.

మంత్రుల బృందం సిఫార్సులపై 2001లో సమగ్ర రక్షణ సిబ్బంది ప్రధాన కార్యాలయం, అదే సంవత్సరం అండమాన్ నికోబార్‌లో మూడు దళాలకూ కలిపి ఒకే కమాండ్, 2002లో రక్షణ నిఘా సంస్థ ఏర్పడ్డాయి. త్రివిధ దళాలకు ఒకే అధిపతి ఉండాలన్న సిఫార్సు మాత్రం దాదాపు రెండు దశాబ్దాలు దస్త్రాల్లోనే నలిగింది. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ ఆ పదవి చేపట్టిన మొదటి వారయ్యారు.

తరంగాలకు బదులు తీగ

ఈ నెట్‌వర్క్‌ల కథలో సామాన్య పౌరుని సెల్‌ఫోన్‌కు కూడా పాత్ర ఉందంటే వింతగా తోచవచ్చు. దేశంలో సెల్‌ఫోన్లు విస్తరిస్తున్న కొద్దీ వాటికి కావలసిన రేడియో తరంగాలలో కొంత భాగం రక్షణ దళాల అధీనంలో ఉండడం సమస్య అయింది. 2009లో టెలికాం, రక్షణ శాఖల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దళాలు టు-జి, త్రీ-జి సేవలకు ఉపయోగపడే 45 మెగాహెర్ట్జ్ తరంగాలను విడతలవారీగా ఖాళీ చేయాలి. బదులుగా బిఎస్ఎన్ఎల్ వారికోసం ప్రత్యేకంగా ఆప్టికల్ ఫైబర్ తీగ వేయాలి. 2010లో జరిగిన త్రీ-జి వేలంలో ప్రభుత్వానికి దాదాపు 67,719 కోట్ల రూపాయల రాబడి వచ్చింది.

రాబడి వెంటనే వచ్చింది. తీగ రావడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. మొదట 9,970 కోట్లుగా అంచనా వేసిన ఖర్చు 2012లో 13,334 కోట్లకు చేరింది. 2018 మేలో మంత్రివర్గం మరొక 11,330 కోట్లు మంజూరు చేయడంతో మొత్తం 24,664 కోట్ల రూపాయలైంది. మంచుకొండల్లో, అడవుల్లో, ఎడారిలో తీగ పాతడం తేలిక కాదన్నది నిజమే. అయినా పథకం మొదటి అంచనా రెండున్నర రెట్లకు చేరడం మన ప్రభుత్వరంగ పనితీరుకు అలవాటైన కథే.

ఇదిలా ఉండగా ఎవరికి వారు సొంత నెట్‌వర్క్‌లు కట్టుకుంటూనే వచ్చారు. వాయుసేనది చూశాం. మూడు దళాలను కలిపే రక్షణ సమాచార నెట్‌వర్క్‌ను 2016 జూన్‌లో నాటి మంత్రి మనోహర్ పారికర్ ప్రారంభించారు. సైన్యపు అస్కాన్ నెట్‌వర్క్ నాలుగో దశకు 2020 అక్టోబర్‌లో 7,796 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. పని ఐటిఐ సంస్థకు దక్కింది. సైన్యపు గగనతల రక్షణ తుపాకులను, రాడార్లను ఒక్క తాటిపైకి తెచ్చే ఆకాశ్‌తీర్ వ్యవస్థకు భారత్ ఎలక్ట్రానిక్స్‌తో 2023 మార్చిలో 1,982 కోట్ల ఒప్పందం కుదిరింది. ముగ్గురు అన్నదమ్ములు ఎవరి బావి వారు తవ్వుకుని, ఆ తరువాత బావులను కలిపే కాలువకు మళ్ళీ ఖర్చు పెట్టిన చందంగా ఉంది ఇది.

సముద్రం మీద మాత్రం గుణపాఠం త్వరగానే ఒంటబట్టింది. 2008 నవంబర్‌లో పదిమంది ఉగ్రవాదులు కరాచీ నుంచి బయలుదేరి, కుబేర్ అనే చేపల పడవను స్వాధీనం చేసుకుని ముంబయి తీరం చేరిన ఘటనలో 166 మంది చనిపోయారు. ఆచరణకు పనికివచ్చే సమాచారం తమకు అందలేదని, ఇది వ్యవస్థ వైఫల్యమని నౌకాదళాధిపతి అడ్మిరల్ సురీశ్ మెహతా అప్పట్లోనే అన్నారు. ఆ తరువాత నౌకాదళానికి చెందిన 20, తీర రక్షక దళానికి చెందిన 31, మొత్తం 51 కేంద్రాలను గుర్గావ్‌లోని ఒక కేంద్రంతో కలిపే నెట్‌వర్క్ 2014 నవంబర్ 23న ప్రారంభమైంది. తీరం పొడవునా ఉన్న రాడార్లు చూసేది, ఓడలు తమంతట తాము పంపే గుర్తింపు సంకేతాలు అక్కడికి చేరతాయి.

భూమిమీద తీగ వేయవచ్చు గాని కదిలే నౌకకు తీగ వేయలేం. అందుకు ఉపగ్రహమే దిక్కు. 2013 ఆగస్టులో ఫ్రెంచ్ గయానా నుంచి ప్రయోగించిన జిశాట్-7 ఉపగ్రహం, 'రుక్మిణి'గా నౌకాదళం పిలుచుకునేది, మరుసటి ఏడాది బంగాళాఖాతంలో జరిగిన విన్యాసాలలో సుమారు 60 నౌకలను, 75 విమానాలను కలిపింది. వాయుసేన కోసం జిశాట్-7ఎ 2018 డిసెంబర్ 19న అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే వెళ్ళింది. నౌకాదళానికి మరొకటి, 4,410 కిలోల బరువుతో, 2025 నవంబర్ 2న అక్కడి నుంచే ఎగిరింది. భారత భూభాగం నుంచి అంతకు ముందు అంత బరువైన సమాచార ఉపగ్రహాన్ని ప్రయోగించలేదు.

నాలుగు రోజుల పరీక్ష

ఈ ఖర్చుకు, శ్రమకు అసలైన పరీక్ష 2025 మేలో ఎదురైంది. పహల్గాంలో ఏప్రిల్ 22న 26 మందిని ఉగ్రవాదులు కాల్చి చంపిన తరువాత, మే 6-7 రాత్రి ఆపరేషన్ సిందూర్ పేరుతో భారత్ పాకిస్థాన్‌లో, పాక్ ఆక్రమిత కశ్మీర్‌లో తొమ్మిది చోట్ల దాడులు జరిపింది. మరుసటి రాత్రి ఉత్తర, పశ్చిమ భారతంలోని 15 సైనిక లక్ష్యాలపై పాకిస్థాన్ డ్రోన్లు, క్షిపణులు ప్రయోగించిందని, ఆ తరువాతి రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ వరకు 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని ప్రభుత్వం ప్రకటించింది. నష్టాల విషయంలో ఇరు దేశాల లెక్కలకు పొంతన లేదు.

ఆ రాత్రుల్లో వాయుసేన సమగ్ర గగనతల నియంత్రణ వ్యవస్థకు సైన్యపు ఆకాశ్‌తీర్, నౌకాదళపు త్రిగుణ్ అనుసంధానమై పనిచేశాయి. ఏ డ్రోన్‌ను ఎవరు కొట్టాలన్నది ఇక్కడ ముఖ్యం. చవక డ్రోన్ మీద ఖరీదైన క్షిపణిని వృథా చేయరాదు. దూరాన వచ్చే క్షిపణికి సైన్యపు తుపాకీ చాలదు. దశాబ్దాల నాటి ఎల్-70 తుపాకీ మొదలు రష్యా నుంచి కొన్న ఎస్-400 క్షిపణి దాకా ఒకే చిత్రాన్ని చూసి పని పంచుకోగలిగితేనే ఇది సాధ్యం. అన్నింటికన్నా ముఖ్యంగా, అన్ని తుపాకులు గాలిలోకి గురిపెట్టి ఉన్న ఆ నాలుగు రోజుల్లో బడ్గాం తరహా ఘటన జరిగినట్టు వార్త రాలేదు.

అయితే తొలిరోజు గగనతల పోరులో భారత్ కొన్ని యుద్ధ విమానాలను కోల్పోయిందని త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో అంగీకరించారు. ఎత్తుగడలో దొర్లిన పొరపాటును గుర్తించి, సరిదిద్దుకుని, రెండు రోజుల తరువాత మళ్ళీ విమానాలు పంపామని ఆయన చెప్పారు. ఎన్ని విమానాలన్నది చెప్పలేదు.

అవతలి పక్షం కూడా నెట్‌వర్క్‌తోనే పోరాడింది. స్వీడన్ తయారీ ఎరీఐ నిఘా విమానాలు, చైనా తయారీ జె-10సి యుద్ధ విమానాలు, దూరం నుంచి పేల్చే పిఎల్-15 క్షిపణులు పాకిస్థాన్ వద్ద ఉన్నాయి. సైనిక ఉపాధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ రాహుల్ సింగ్ జూలై 4న ఢిల్లీలో మాట్లాడుతూ, సరిహద్దు ఒకటే అయినా ప్రత్యర్థులు ముగ్గురని వ్యాఖ్యానించారు. మన మోహరింపుల గురించి చైనా నుంచి పాకిస్థాన్‌కు అప్పటికప్పుడే సమాచారం అందిందని, కాల్పుల విరమణ సంభాషణలలోనే అది బయటపడిందని ఆయన వెల్లడించారు. బయటి సహాయం ఉందన్న ఈ మాటలను పాకిస్థాన్ సైన్యాధిపతి ఆసిం మునీర్ తోసిపుచ్చారు. ఆయన చెప్పినది ఎలా ఉన్నా, సమాచారం పంచుకోవడం ఇక దళాల మధ్యనే ఆగేది కాదని, దేశాల మధ్య కూడా సాగుతుందని తేలిపోయింది. భారత్ కూడా 2018 సెప్టెంబర్‌లో అమెరికాతో సమాచార భద్రతా ఒప్పందం చేసుకుంది. అమెరికా నుంచి కొన్న సముద్ర నిఘా విమానాలలో ఆ దేశపు రహస్య సంకేత పరికరాలు అమర్చుకోవడానికి వీలు కలిగింది ఆ తరువాతే.

మన దళాల సొంత ఇబ్బంది మరొకటుంది. సుఖోయ్ రష్యాది, రాఫెల్ ఫ్రాన్స్‌ది, రష్యా విమానంపై అమర్చిన ఫాల్కన్ రాడార్ ఇజ్రాయిల్‌ది, సముద్ర నిఘా విమానం అమెరికాది. ఏ దేశం తన సంకేత భాషను పూర్తిగా ఇవ్వదు. ఇన్ని ఇళ్ళ నుంచి వచ్చిన యంత్రాలు ఒకదానితో ఒకటి గుట్టుగా మాట్లాడుకోవాలంటే దేశీయ సాఫ్ట్‌వేర్ రేడియోలు, డేటా లింకులు తప్ప మార్గం లేదు. 2019 ఫిబ్రవరి 27నే, ఇటు బడ్గాంలో హెలికాప్టర్ కూలిన రోజునే, వెనక్కి రమ్మన్న ఆదేశం శత్రువు రేడియో తరంగాలను అడ్డుకోవడం వల్ల మన మిగ్-21 పైలట్‌కు వినిపించలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. శత్రు సంకేతాలను వినడం, అడ్డుకోవడం, మన సంకేతాలను కాపాడుకోవడం అనే ఈ విద్యలోనే హైదరాబాద్‌లోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధన శాల దశాబ్దాలుగా పనిచేస్తున్నది. జాఫ్నా నాటి వైర్‌లెస్ సెట్టుకూ, నేటి నెట్‌వర్క్‌కూ మధ్య ఎంత తేడా ఉన్నా ఈ ఒక్క భయం మాత్రం పోలేదు. పైగా అందరి చిత్రమూ ఒకే చోట ఉన్నప్పుడు, ఆ చోటికి శత్రువు చొరబడితే పోయేది ఒక బెటాలియన్ రహస్యం కాదు.

ఆదేశం ఎవరిది?

ఒకే చిత్రాన్ని ముగ్గురు చూస్తున్నారు సరే. ముగ్గురిలో ఎవరి మాట చెల్లాలన్నది తరువాతి ప్రశ్న. ఒక ప్రాంతంలోని మూడు దళాల బలగాలను ఒక్క సేనాని కిందికి తేవాలన్నది థియేటర్ కమాండ్‌ల ఆలోచన. ఇందుకు దారి వేస్తూ 2023లో పార్లమెంటు చేసిన చట్టం 2024 మే 10 నుంచి అమలులోకి వచ్చింది. సంయుక్త సంస్థల అధిపతులకు తమ కింద పనిచేసే మూడు దళాల సిబ్బందిపైనా క్రమశిక్షణాధికారం దానివల్ల దక్కింది. అంతకు ముందు ఒక నౌకాదళాధికారి కింద పనిచేసే వాయుసైనికుడు తప్పుచేస్తే అతడిని విచారణ కోసం సొంత దళానికి పంపించవలసి వచ్చేది.

వాయుసేన అభ్యంతరం కూడా తేలికగా తీసిపారేయదగినది కాదు. యుద్ధ విమానాల దళాలు అసలే తక్కువగా ఉన్నాయని, వాటిని ప్రాంతాలవారీగా పంచితే ఎక్కడా చాలవని ఆ దళం చాలాకాలంగా చెబుతున్నది. ఉదయం పంజాబ్ మీద, సాయంత్రం లద్దాఖ్ మీద ఎగరగలిగిన విమానాన్ని ఒక సేనాని కింద కట్టివేయడమెందుకన్నది వారి ప్రశ్న. నిజానికి నెట్‌వర్క్ బలపడే కొద్దీ ఈ వాదన బలపడుతుందే గాని సన్నగిల్లదు. ఢిల్లీలో కూర్చునే అన్ని ప్రాంతాలనూ చూడగలిగినప్పుడు విడగొట్టవలసిన అవసరమేమిటని వారు అడగవచ్చు. సైన్యం వైపు నుంచి చూస్తే, నేలమీద ప్రాణాలొడ్డి పోరాడే సేనాని విమానం కోసం ప్రతిసారీ మరొక నగరానికి అర్జీ పెట్టుకోవలసి రావడం 1965 నాటి నుంచి ఉన్న బాధే.

2025 ఆగస్టులో మౌ సైనిక పట్టణంలో జరిగిన రణ్ సంవాద్ సదస్సులో ఈ భేదం బాహాటంగానే వినిపించింది. తొందరపడి ఇతర దేశాలను అనుకరించవద్దని, ముందు ఢిల్లీలో మూడు దళాలకూ కలిపి ఒక సంయుక్త ప్రణాళికా కేంద్రం ఏర్పాటు చేసి చూడవచ్చని వాయుసేనాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ ఎ.పి. సింగ్ సూచించారు. అదే వేదికపై నౌకాదళాధిపతి అడ్మిరల్ దినేశ్ త్రిపాఠీ ఏకీకరణకు తమ దళం కట్టుబడి ఉందన్నారు. ఆ సభ జరిగేనాటికి దేశంలో ఒక ప్రాంతం మొత్తానికి మూడు దళాలనూ ఒక్క సేనాని కింద ఉంచిన కమాండ్ ఒక్కటే. అది 24 ఏళ్ళ కిందట అండమాన్‌లో ప్రారంభించినదే.